వచ్చింది ఎవరు? ఒక ఫాంటసీ నవల రాతప్రతిలో పాఠకురాలి పెన్సిల్ గుర్తులు

ఈ కేసు ఒక ఫాంటసీ నవల రాతప్రతికి సంబంధించినది. రచయిత హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు రాసుకునే యువకుడు. ఇది ఆయన మొదటి నవల. సంపాదకత్వం కోసం నా దగ్గరికి వచ్చేనాటికే ఆ ప్రతిని మిత్రులు కొందరు చదివి, "బాగుంది కానీ మధ్యలో కన్‌ఫ్యూజన్‌గా ఉంది" అన్నారట. ఆ మాట రచయితకు ఎందుకూ పనికిరాలేదు. ఏ పేజీలో, దేని గురించి, ఎటువంటి తికమకో చెప్పని ఫిర్యాదును పట్టుకుని ఎవరూ ప్రతిని దిద్దుకోలేరు. అందువల్ల నేను కలం పెట్టకముందే ఒక పాఠకురాలిచేత ప్రతి మొత్తం చదివించి, ఆమె స్పందనలను పేజీ పేజీకీ నమోదు చేయించాను. ఆ నమోదులో ఏం బయటపడింది, దాన్నిబట్టి ఏం మార్చాము, ఏది మార్చకుండా వదిలేశాము అన్నది ఇక్కడ వివరిస్తాను. రచయిత అనుమతితోనే రాస్తున్నాను. పాత్రల పేర్లు, ఊరి పేర్లు మార్చాను. ఉదాహరణ వాక్యాలు మాత్రం ప్రతిలోనివే.

కథ స్థూలంగా ఇది. గవ్వలకోట రాజవైద్యుడి కూతురు మాలిని తన తాత దగ్గర పరకాయ ప్రవేశ విద్యను సగమే నేర్చుకుంటుంది. ఇంకో దేహంలోకి వెళ్ళడం తెలుసు, తిరిగి రావడం సరిగా తెలియదు. రాజుగారి జబ్బుకు కావలసిన మందు ఒక కొండకొమ్మున గండభేరుండ పక్షి గూటిలో ఉంటుంది. మాలిని తన దేహాన్ని ఒక గుహలో తమ్ముడు సోముడి కాపలాలో వదిలి, ఆ రెండు తలల పక్షిలోకి ప్రవేశిస్తుంది. ఒక తలలో ఆమె, రెండో తలలో పక్షి సొంత ప్రాణం. ఈలోగా ఆస్థాన మాంత్రికుడు భైరవాచార్యుడు గుహ జాడ కనిపెట్టి, ఖాళీగా ఉన్న మాలిని దేహంలో తాను దూరి, సోముడి వెంట కోటకు బయలుదేరతాడు. ఖాళీ దేహాన్ని ఇంకొకరు ఆక్రమించడం మన జానపద కథలకు కొత్త కాదు, విక్రమార్కుడి కథల్లో ఉన్నదే. శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహంలో ఉన్నంతకాలం శిష్యులు ఆయన దేహాన్ని కాపాడారన్న ఐతిహ్యమూ చాలామంది విన్నదే. కాబట్టి కథాంశం దగ్గర తెలుగు పాఠకులు తడబడవలసిన పని లేదు. తడబాటు అంతా ఈ సంఘటనలను ఎవరి కళ్ళతో చూపిస్తున్నారు, ఎవరి మనసులోంచి చెబుతున్నారు అన్న దగ్గరే వచ్చింది.

పాఠకురాలు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన టీచరుగారు. చందమామ సీరియళ్ళ కోసం నెలనెలా ఎదురుచూసిన తరం మనిషి. నిశితంగా చదువుతారు, మొహమాటపడరు, సాహిత్య విమర్శ పదజాలం జోలికి పోరు. ఈ మూడో గుణం నాకు అన్నిటికన్నా ముఖ్యం. "ఇక్కడ దృష్టికోణం మారింది" అని రాసే పాఠకుడు తన అనుభవాన్ని దాచిపెట్టి తన నిర్ధారణను చేతిలో పెడతాడు. నిర్ధారణ చేయవలసింది నేను, నాకు కావలసింది అనుభవం. ఆమెకు ప్రింటు తీసిన ప్రతినీ పెన్సిలునూ ఇచ్చి, చదువు ఆగిన చోట అడ్డగీత గీయమని, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివితే బాణం గుర్తు వేయమని, ప్రశ్న పుడితే పుట్టిన మాటల్లోనే అంచున రాయమని చెప్పాను. బాగుందా బాగాలేదా అన్న తీర్పు చివర్లో అడుగుతాను గానీ, ముందు మాత్రం వద్దన్నాను. "పేపరు దిద్దొద్దు, పరీక్ష రాయమంటారు, అంతేగా బాబూ" అన్నారు ఆవిడ. అంతే.

ప్రతి తిరిగి వచ్చాక రచయితా నేనూ కలిసి పేజీలు తిప్పుతుంటే, అన్నిటికన్నా గట్టి గుర్తు పదకొండో అధ్యాయంలో కనబడింది. అంచున పెన్సిలు నొక్కి రాసిన మాట: "ఇక్కడ పక్కన పెట్టేశాను." రచయిత మొహం వాడిపోయింది. ఆ అధ్యాయాన్ని ఆ రాత్రే తిరగరాస్తానని లేచారు. నేను ఆపాను. పదకొండో అధ్యాయం నిజానికి నవలలోకెల్లా తేటగా ఉన్న అధ్యాయం. సోముడు, మాలిని దేహంలోని భైరవుడు పడవలో ఏరు దాటుతుంటారు, సోముడు చనిపోయిన తల్లిని తలచుకుంటాడు, అంతే. అక్కడ దిద్దవలసింది ఏమీ లేదు. పాఠకుడు పుస్తకం మూసిన పేజీలోనే తప్పు ఉంటుందనుకోవడం మా పనిలో తరచుగా ఎదురయ్యే పొరపాటు అంచనా. ఓపిక తెగిన చోటు అది. తెగేదాకా లాగిన చోట్లు వెనక ఎక్కడో ఉంటాయి. ఆ చోట్లను ఆమె వేసిన బాణాలే చూపించాయి. వాటిని పట్టుకుని వెనక్కి నడిచాము.

మొదటి బాణం మూడో అధ్యాయంలోనే ఉంది. భైరవాచార్యుడు రాజవైద్యుడి ఇంటికి వస్తాడు. ప్రతిలో ఇలా ఉంది: "భైరవాచార్యులవారు అరుగు మీద కూర్చున్నారు. నాన్న మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. వాడి చూపు మాలిని మెడలోని తాయెత్తు మీద పడింది." టీచరుగారి ప్రశ్న: "వాడు ఎవడు? నాన్నా?" దాని కిందనే, బాణం వేసి వెనక్కి వెళ్ళి వచ్చాక రాసిన రెండో మాట: "ఆచార్యులవారే అయితే, ఆయన చెడ్డవాడని కథ చెప్పేవాళ్ళకి అప్పుడే తెలిసిపోయిందన్నమాట. ఇక నాకూ తెలిసిపోయింది."

ఈ రెండు వాక్యాల్లో ఆమె రెండు వేరువేరు నష్టాలను చూపించారు. తెలుగులో ప్రథమ పురుష సర్వనామం ఏది వాడినా సంబంధం బయటపడుతుంది. వాడు, అతను, ఆయన, వారు అనే మాటల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న క్షణాన కథకుడు ఆ మనిషికి ఎంత దూరంలో, ఏ ఎత్తులో నిలబడ్డాడో పాఠకుడికి తెలిసిపోతుంది. పై వాక్యాల్లో "నాన్న" అన్న మాట మనల్ని మాలిని పక్కన నిలబెట్టింది. ఆచార్యులవారు అని మనసులో కూడా గౌరవంగా అనుకునే పదహారేళ్ళ పిల్ల, ఏ కారణమూ లేకుండా తరువాతి వాక్యంలోనే వాడు అనుకోదు. అలా అనుకున్నది రచయిత, ఎందుకంటే ఆయనకు ముందు కథ తెలుసు. పైగా ఏకవచనంలో ఉన్నది నాన్న ఒక్కడే కాబట్టి పాఠకురాలు ఆ "వాడి"ని నేరుగా నాన్నకు తగిలించారు. కూతురి మెడ మీద తండ్రి చూపు అనగానే ఆమెకు కలిగిన వెగటు ఎటువంటిదో ఊహించవచ్చు. ఒక్క సర్వనామం వల్ల ఒక మంచి తండ్రి పాత్రకు మచ్చ పడింది, ప్రతినాయకుడి గుట్టు ఆరు అధ్యాయాల ముందే రట్టయింది.

ఏడో అధ్యాయంలో సోముడు గుహలో అక్క దేహానికి కాపలా ఉంటాడు. "సోముడు అక్క చేయి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. తను ఇంత దూరం ఎగరగలనని ఎప్పుడూ అనుకోలేదు. రెక్కలు బరువెక్కుతున్నాయి." అంచున: "సోముడికి రెక్కలెప్పుడొచ్చాయి?" రచయిత ఇది చదివి నవ్వారు గానీ, వెంటనే, "సినిమాలో కట్ లాగా అనుకున్నాను సార్, చల్లటి చేతి మీంచి ఆకాశంలోకి" అన్నారు. సినిమాలో తెర మీద బొమ్మ మారుతుంది, కన్ను క్షణంలో సర్దుకుంటుంది. ఇక్కడ మారవలసినది మనసు. చూశాడు, అక్క, చల్లగా ఉంది అన్న మూడు మాటలూ పాఠకురాలిని సోముడి చర్మంలో కూర్చోబెట్టాయి. ఎవరి మనసులో కూర్చుంటే "తను" వారికే చెందుతుంది. ఆమె చదివిన తీరులో తప్పు లేదు. వ్యాకరణం చెప్పినట్టే చదివారు.

ఆ వెంటనే ఉన్న ఆకాశ యానం దగ్గర గుర్తులు ఇంకా చిక్కగా ఉన్నాయి. "కింద ఏరు మెరిసింది. ఎడమవైపు తిరగాలనుకుంది. తిరగనివ్వలేదు. కోపంతో అరిచింది." అంచున మూడు ప్రశ్నలు వరసగా: "తిరగాలనుకుంది ఎవరు? తిరగనివ్వనిది ఎవరు? అరిచింది ఎవరు, ఏరా?" మూడో ప్రశ్నలోని వెటకారాన్ని పక్కన పెడితే, ఇది ఫాంటసీ రాసే తెలుగు రచయితలందరికీ ఎదురయ్యే చిక్కు. స్త్రీకీ, పక్షికీ, ఏటికీ ఏకవచనంలో క్రియ ఒకే రూపంలో ముగుస్తుంది. మామూలు కథలో ఇది ఇబ్బంది పెట్టదు, ఏళ్ళూ చెట్లూ తిరగాలని అనుకోవు కనుక. ఫాంటసీలో అనుకుంటాయి. దానికి తోడు మనం కర్తను వదిలేసి వాక్యం రాయడానికి అలవాటుపడ్డాము. కర్త లేదు, క్రియ ముగ్గురికీ సరిపోతుంది, రెండు తలలున్న ఒకే దేహంలో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. వాక్యం ఎంత అందంగా ఉన్నా ఆ పోట్లాట పాఠకురాలికి చేరలేదు.

ఇక తొమ్మిదో అధ్యాయం. భైరవుడు మాలిని దేహంలో దూరాక వచ్చే వాక్యాలు ఇవి: "మాలిని గుహ బయటికి వచ్చింది. ఎండకు కళ్ళు చిట్లించాడు." రచయితకు ఈ జంట వాక్యాలంటే ప్రాణం. అంచున టీచరుగారు "అబ్బ!" అని రాశారు. ప్రతి మొత్తం మీద ఆశ్చర్యార్థకం పెట్టి మెచ్చుకున్న మాట అదొక్కటే. వచ్చింది అన్న దేహమూ, చిట్లించాడు అన్న ప్రాణమూ ఒక్క క్రియా ప్రత్యయం తేడాతో విడిపోయాయి. ఇంత పొదుపుగా ఇంత భయం పుట్టించడం తేలిక కాదు. చిక్కల్లా రచయిత దాన్ని అక్కడితో ఆపకపోవడంలో ఉంది. తరువాతి పేజీలో "మాలిని తల ఊపాడు" అని ఉంది, అంచున "అచ్చుతప్పా?" అని ఉంది. ఆ కింద "మాలిని ముందు నడిచింది, వెనక్కి తిరిగి నవ్వాడు" అని ఉంది, అంచున బాణం ఉంది. ఆ తరువాత, పదో అధ్యాయం మొదట్లో, "సోముడు నవ్వింది" అని ఉంది.

ఈ చివరిది నిజంగానే అచ్చుతప్పు. టైపు చేసేటప్పుడు దొర్లింది, రచయితకే తెలియదు. కానీ టీచరుగారు అప్పటికి ఒక పాఠం నేర్చుకుని ఉన్నారు: ఈ పుస్తకంలో క్రియకూ కర్తకూ పొత్తు కుదరకపోతే లోపల ఇంకెవరో ఉన్నట్టు. ఆ పాఠం నేర్పింది పుస్తకమే. దాని ప్రకారం ఆమె అంచున రాసుకున్నారు: "సోముడిలో కూడా ఎవరో ఆడమనిషి దూరింది. మాలినే వచ్చేసిందా?" ఆ ఊహను పట్టుకుని పదో అధ్యాయమంతా చదివారు. సోముడు మాట్లాడిన ప్రతి మాటనూ మాలిని మాటగా తూకం వేశారు, అక్కడక్కడ "అవును, ఇది మాలిని మాటే" అని టిక్కులు కూడా పెట్టారు. పదకొండో అధ్యాయంలో సోముడు పడవ మీద తల్లిని తలచుకుని ఏడుస్తూ, మాలినికి తెలిసే అవకాశం లేని ఒక జ్ఞాపకాన్ని చెబుతాడు. ఆమె ఊహ అక్కడ కుప్పకూలింది. "అయితే అది తప్పే. ఇక్కడ పక్కన పెట్టేశాను" అన్నది పూర్తి వాక్యం. రచయిత రెండో సగం మాత్రమే చూసి కంగారుపడ్డారు.

పాఠకుడు "అర్థం కాలేదు" అన్నప్పుడు అది మూడు రకాల్లో ఏదో ఒకటి కావచ్చునని నా అనుభవం. ఎవరు అన్నది అర్థం కాకపోవచ్చు. ఈ సంగతి వీళ్ళకెలా తెలుసు అన్నది అర్థం కాకపోవచ్చు. లేదా, ఇది రచయిత కావాలని చేశారా, పొరపాటున చేశారా అన్నది అర్థం కాకపోవచ్చు. మొదటి రెండింటినీ పాఠకులు చాలాదూరం భరిస్తారు, ఫాంటసీ పాఠకులైతే ఆనందిస్తారు కూడా. ముసుగు తీసే క్షణం కోసమే వాళ్ళు చదువుతారు. మూడోది వచ్చిందంటే అంతవరకు కూడబెట్టిన నమ్మకం అంతా ఒక్కసారిగా పోతుంది. టీచరుగారు తెలియనితనానికి విసుక్కోలేదు. తాను జాగ్రత్తగా చదివినందుకు శిక్ష పడిందని విసుక్కున్నారు. నిర్లక్ష్యంగా చదివే పాఠకుడైతే "నవ్వింది"ని చూడకుండానే దాటిపోయేవాడు.

ఈ విశ్లేషణను రచయిత వెంటనే ఒప్పుకోలేదు. ఆయన వాదన తీసిపారేయదగ్గది కాదు. "మన కథల్లో కథలో కథ, అందులో ఇంకో కథ ఉంటుంది కదా సార్, బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళకి ఇదొక లెక్కా? కళాపూర్ణోదయం అయితే ఇంతకన్నా చిక్కు" అన్నారు. నిజమే, తెలుగు పాఠకుడికి పొరలు కొత్త కాదు. కానీ ఆ పొరలకు గడపలు ఉన్నాయి. బేతాళుడు కథ మొదలుపెట్టేముందు శవం భుజానికెక్కుతుంది, కథ అయ్యాక ప్రశ్న పడుతుంది, రాజు నోరు విప్పగానే శవం చెట్టుకు చేరుతుంది; పాఠకుడు ఏ గదిలో ఉన్నాడో ఒక్క క్షణం కూడా మరిచిపోడు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో ఎన్ని కథలు పుట్టుకొచ్చినా, మణిసిద్ధుడు చెబుతున్నాడు, గోపబాలుడు వింటున్నాడు, మజిలీ మారుతోంది అన్న కట్టు చెదరదు. పింగళి సూరన పదహారో శతాబ్దంలో కళాపూర్ణోదయంలో అంత చిక్కు కథ అల్లినా, పసిపాప మధురలాలస పెదవి విప్పినప్పుడు మాట్లాడుతున్నది ఆ పాపేనని మనకు తెలుసు; ఆ పాపకు ఆ కథంతా ఎలా తెలుసు అన్నదే అక్కడి అద్భుతం. కురుక్షేత్రంలో జరిగినదంతా హస్తినాపురంలో కూర్చుని సంజయుడు ఎలా చెప్పగలిగాడు అన్న ప్రశ్న రాకుండా వ్యాసుడు ముందే దివ్యదృష్టి ఇచ్చి ఉంచాడు. కథకుడు మారినప్పుడు ఆ సంగతి చెప్పడం, కథకుడికి తెలిసినది ఎలా తెలిసిందో లెక్క చూపడం: ఈ రెండూ మన పాతకథలు ఎన్నడూ ఎగ్గొట్టని బాకీలు. ఈ రాతప్రతి ఆ రెండింటినీ ఎగ్గొట్టింది. ఈ మాట విన్నాక రచయిత కాసేపు మౌనంగా ఉండి, "అయితే గడపలు ఎక్కడ పెడదాం సార్" అన్నారు. అసలు పని అక్కడ మొదలైంది.

టీచరుగారు తమ తీర్పులో ఒక మందు కూడా సూచించారు: ప్రతి అధ్యాయం పైన ఎవరి కథో పేరు వేయమన్నారు. బహుపాత్రల ఫాంటసీ నవలల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది, చాలాచోట్ల పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయదు. తొమ్మిదో అధ్యాయం తరువాత పైన "మాలిని" అని వేస్తే, అది దేహానికా ప్రాణానికా? దేహానికైతే శీర్షిక అబద్ధం చెబుతుంది, ప్రాణానికైతే సోముడికి తెలియని గుట్టును సోముడి అధ్యాయాల పైన మనమే చాటింపు వేసినట్టవుతుంది. పాఠకుల స్పందనలో నొప్పి ఎక్కడుందన్న సమాచారాన్ని నేను పూర్తిగా నమ్ముతాను; వాళ్ళు చెప్పే మందును మాత్రం పరీక్షించాకే తీసుకుంటాను.

మేము చేసిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది, గండభేరుండం అధ్యాయాలన్నిటినీ ఉత్తమ పురుషలోకి మార్చడం. దీనికి కారణం భావావేశం కాదు, క్రియా ప్రత్యయాలు. మాలిని "నేను" అని చెప్పడం మొదలుపెట్టగానే ఆమె క్రియలు పక్షి క్రియల నుంచి విడిపోతాయి, కర్తను వదిలేసినా సరే. పై వాక్యాలు ఇలా మారాయి: "కింద ఏరు మెరిసింది. ఎడమవైపు తిరగాలనుకున్నాను. తిరగనివ్వలేదు. కోపంతో అరిచాను. అదీ అరిచింది." ఒక్క కర్తను కూడా కొత్తగా చేర్చనవసరం లేకపోయింది, "అదీ" ఒక్కటే చేర్చాము, అదీ పోట్లాట కోసం. ఈ మార్పు ఇంకో తలుపు తీసింది. ఒకే దేహంలోని రెండు ప్రాణాలు కలిసి చేసిన పనికి మాలిని ఏ సర్వనామం వాడాలి? మొదట్లో ఆమె పక్షిని పక్కనబెట్టి మనతో చెబుతున్నట్టు "మేము కొండ దాటాము" అంటుంది. తుఫానులో చిక్కుకున్న రాత్రి, తొలిసారి పక్షినే ఉద్దేశించి "మనం దిగిపోదాం" అంటుంది. పక్షి తల తిప్పి చూస్తుంది. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ పొత్తు కుదిరిందని వేరే చెప్పనక్కరలేకపోయింది. రచయిత ఈ చోటు తానే కనిపెట్టారు. నేను ప్రత్యయాల లెక్క మాత్రమే చూపించాను.

సోముడి అధ్యాయాలను ప్రథమ పురుషలోనే ఉంచాము గానీ, సోముడికి తెలిసినంతే రాయాలన్న కట్టుబాటు పెట్టుకున్నాము. తొమ్మిదో అధ్యాయం భైరవుడి మనసులో నడిచి, "ఎండకు కళ్ళు చిట్లించాడు" అన్న వాక్యంతో ముగుస్తుంది. పదో అధ్యాయం సోముడిది, మొదటి వాక్యం: "అక్క గుహలోంచి బయటికి వచ్చింది." ఒకే అడుగును రెండు వైపుల నుంచి చూపించినట్టయింది, టీచరుగారు "అబ్బ" అన్న మెరుపు నిలిచింది, దాని నీరసపు పునరుక్తులు పోయాయి. అక్కడి నుంచి కథనంలో ఎప్పుడూ "మాలిని" అని ఉండదు, "అక్క" అనే ఉంటుంది. సోముడికి ఆమె అక్క కాబట్టి ఎవరి కళ్ళతో చూస్తున్నామో ఆ వరుసే గుర్తుచేస్తూ ఉంటుంది. పన్నెండో అధ్యాయంలో ఇద్దరూ చెట్టు కింద జొన్నరొట్టె తింటారు. మాలిని ఎప్పుడూ రొట్టె తుంచి తమ్ముడికి పెట్టాకే తాను తినేది. ఇప్పుడు పెద్ద ముక్క తుంచుకుని ముందు తానే నోట్లో పెట్టుకుంటుంది. సోముడు ఏమీ అనడు. కానీ ఆ తరువాతి వాక్యం నుంచి కథనంలో "అక్క" అన్న మాట మాయమై "ఆమె" వస్తుంది. అతని నోటి మాటల్లో మాత్రం "అక్కా" అలాగే ఉంటుంది, పిల్లాడు భయపడ్డాడు కాబట్టి. చాలా పేజీల తరువాత, కోట గుమ్మం దగ్గర, కథనం తొలిసారి "వాడు" అంటుంది, క్రియ కూడా మారుతుంది. మూడో అధ్యాయంలో అనర్థం తెచ్చిపెట్టిన సర్వనామమే ఇక్కడ దెబ్బ కొట్టింది.

మిగిలినవి చిన్నపనులు. గుహలో కూర్చున్న సోముడి చూపులో "అక్క లోపలికి వెళ్ళింది" అని ఉన్న చోట్లను "వచ్చింది"గా మార్చాము. సోముడు గుహ బయట ఉన్నాడని టీచరుగారు రెండు పేజీల పాటు పొరబడడానికి ఆ "వెళ్ళింది"యే కారణం. మూడో అధ్యాయంలో భైరవుడు "ఆచార్యులవారు"గానే ఉండిపోయాడు. ప్రూఫు దిద్దేవారికి ఒక కాగితం మీద, ఏయే వాక్యాల్లో లింగం కావాలని తేడాగా ఉందో రాసి ఇచ్చాము. అది రాసి ఇచ్చాక కూడా మొదటి ప్రూఫులో డీటీపీ చేసినవారు "చిట్లించాడు"ను శ్రద్ధగా "చిట్లించింది"గా సవరించి పంపారు. భాష బాగా తెలిసినవారు చేసే పనే అది. రచయిత దాన్ని ఎర్రసిరాతో తిరిగి "చిట్లించాడు" చేసి, పక్కన "ఇలాగే ఉండాలి" అని రాశారు.

దిద్దిన ప్రతిని టీచరుగారికే మళ్ళీ ఇచ్చాను, అయితే ఆవిడ స్పందనకు సగం విలువే కట్టాను. కథ తెలిసిన మనిషి తికమకపడకపోవడం పెద్ద రుజువు కాదు. రొట్టె ముక్క తరువాతి వాక్యం పక్కన ఆవిడ రాసిన మాట మాత్రం నాకు గుర్తుండిపోయింది: "అక్క అనడం మానేశాడు. పిల్లాడికి తెలిసిపోయింది." కొత్త పాఠకుడిగా ఒక డిగ్రీ విద్యార్థిని ఎంచుకున్నాను, అతను ప్రతిని ఫోనులో పీడీఎఫ్‌గా చదివాడు. అతను సర్వనామం మారడాన్ని గమనించలేదు. కానీ సరిగ్గా అదే చోట, "ఏదో తేడాగా ఉంది, ఈ అక్క అక్కలా లేదు" అని రాశాడు. నాకు అది టీచరుగారి మాట కన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది. అతను ఆగిన చోట్లు కొన్ని ఉన్నాయి, వాటికి కారణం భాష కాదు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య మేము వదిలిన ఖాళీ వరుస, ఫోను తెర అడుగున పడినప్పుడు కనిపించకుండా పోతోంది. అతనికి కొండ మీంచి నేరుగా వంటింట్లో పడ్డట్టు ఉంది. ప్రతి ఖాళీ వరుసలోనూ మూడు చుక్కలు పెట్టించాము.

ఒక చోట రచయితా నేనూ ఏకాభిప్రాయానికి రాలేదు. నవల ఒక చిన్న ప్రవేశికతో మొదలవుతుంది: "ఆ కోటకు తలుపులే లేవట. లోపలికి వెళ్ళినవాళ్ళు గోడలోంచి వెళ్ళేవారట." విన్నది చెబుతున్న గొంతు అది. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అదే గొంతు రాజుగారి కలలోకి కూడా తొంగిచూస్తుంది. "విన్నవాడికి ఇంత తెలుసా?" అని టీచరుగారు మొదటిసారే అడిగారు. రాజుగారి కలను తీసేయడానికి రచయిత ఒప్పుకున్నారు, ప్రవేశికలోని "అట"ను తీయడానికి ఒప్పుకోలేదు. ఆ గొంతు గండభేరుండం రెండో తలదని, ఆ సంగతి రెండో భాగంలో తెలుస్తుందని ఆయన ఆలోచన. ఆలోచన నాకూ నచ్చింది. అయితే రెండో భాగం వచ్చేదాకా పాఠకుడు దాన్ని మోయడానికి మొదటి భాగంలోనే ఒక ఆనవాలు ఉండాలని, చివరి అధ్యాయంలో పక్షి నోట ఒక్క "అట" పలికిస్తే చాలునని చెప్పాను. మాలినికే గానీ పక్షికి మాట రాకూడదన్నది తన కథలోని నియమమని, దాన్ని ఒక్క ఆనవాలు కోసం మీరలేనని ఆయన అన్నారు. రెండోసారి చదివినప్పుడు కూడా ప్రవేశిక పక్కన టీచరుగారు, "ఇది చెప్పింది ఎవరో చివరిదాకా చూశాను, కనబడలేదు" అని రాశారు. ఆ గుర్తును రచయితకు చూపించాను. ఆయన చదివి, తల ఊపి, ప్రవేశికను ఉన్నదున్నట్టు ఉంచమన్నారు. ప్రతి అలాగే అచ్చుకు వెళ్ళింది.